ఎవరూ లాగని తువ్వాల

గురజాలలో రెంటచింతల బస్సెక్కి రాళ్ళవాగు దగ్గర దిగితే, ఊళ్ళోకి పోవడానికి ఒకటే వీధి. వీధి మధ్యలో ఒక మలుపు ఉంది. మలుపు మీద త్రికోటేశ్వరరావు గారి మేడ, మేడ ముందు నడుమెత్తు అరుగు, అరుగు మీద ఒక పడక్కుర్చీ. ఊరికి ఉత్తరాన ఉన్న నాపరాతి క్వారీ ఆయనదే. పొద్దు వాలే వేళకు క్వారీలో పని ముగించుకున్న మనుషులు ఆ మలుపు మీదుగానే ఊరి చివర కొత్తపాలెంలో ఉన్న తమ ఇళ్ళకు పోతారు.

ఎనభైల నాటి ఒక్క సాయంత్రం అక్కడ నిలబడి చూస్తున్నారనుకోండి. గునపాలు, సమ్మెటలు పట్టుకుని పదిమంది, పదిహేనుమంది గుంపుగా వస్తుంటారు. ఏవో కబుర్లు, నవ్వులు. మలుపు ఇంకా పది అడుగులు ఉందనగా, ప్రతివాడి కుడిచెయ్యీ తనంతట తాను పైకి లేస్తుంది. ఎడమ భుజం మీది తువ్వాల దించి, నాలుగు మడతలు పెట్టి, చంకలో దోపుకుంటుంది. కబుర్లు ఆగవు, నవ్వులూ ఆగవు. మేడ దాటి పది అడుగులు పోయాక తువ్వాల మళ్ళీ భుజమెక్కుతుంది. "ఇప్పుడేదో తీశావే?" అని మీరడిగితే, "ఏం తీశానండీ?" అని వాళ్ళే మిమ్మల్ని అడుగుతారు.

తియ్యమని త్రికోటేశ్వరరావు గారు ఎన్నడూ నోరు తెరిచి అడగలేదు. ఆయన పేపరు చదువుకుంటూ అటు చూడను కూడా చూడడు. ఆయన నరసరావుపేట కోర్టు పని మీద పోయి కుర్చీ ఖాళీగా ఉన్న రోజున కూడా తువ్వాలలు దిగుతూనే ఉంటాయి. కొయ్యకుర్చీకి ఇంత మర్యాద జరిగే ఊరు నేను మరొకటి చూడలేదు. మీకు కోపం వస్తోందా? నాకూ వచ్చింది. అయితే ఆ కోపం ఎవరి మీద రావాలో కాస్త నిదానించి చూద్దాం.

పందొమ్మిది వందల ఎనభై అయిదు జూన్‌లో రాళ్ళవాగు హైస్కూలుకు మైమూనా అనే డ్రిల్లు టీచరు వచ్చింది. మాచర్లలో బట్టలు కుట్టే ఒక దర్జీ కూతురు. చీరకొంగు నడుముకు బిగించి, కాళ్ళకు తెల్ల కాన్వాస్ బూట్లు తొడిగి, మెళ్ళో ఈల వేసుకుని గ్రౌండులో నిలబడితే మొదటి వారం ఊరంతా ప్రహరీ గోడెక్కి చూసింది. రెండో వారం నుంచి చూడడం మానేసి, పిల్లల్ని పంపడం మొదలుపెట్టింది.

ఆటసామాను ఏదని ఆమె అడిగితే హెడ్మాస్టరు గారు ఒక కొయ్యపెట్టె చూపించారు. అందులో గాలిలేని బంతి ఒకటి, ఎలుకలు కొట్టిన వల ఒకటి ఉన్నాయి.

"పైనుంచి వస్తాయమ్మా" అన్నారాయన.

"ఎప్పుడొస్తాయి సార్?"

"అది పైవాళ్ళకే తెలియాలి."

ఆ శనివారం ఆమె మాచర్ల పోయి, తండ్రి కొట్లో మిషను కింద పడి ఉన్న కత్తిరింపు ముక్కలు గోతాం నిండా తెచ్చింది. ఎర్రవి ఎర్రవి, తెల్లవి తెల్లవి కలిపి కుట్టి మూరెడు పొడుగు గుడ్డలు చేసింది. బడి పిల్లలే కాదు, బడి మానేసి పనుల్లోకి పోతున్న పడుచువాళ్ళు కూడా సాయంత్రం రావచ్చునని చాటింపు వేయించింది. ఆటకు పేరు తోకాట.

ఆట తేలికే. గుడ్డను వెనక నడుము దగ్గర సగం దోపుకోవాలి. మిగతా సగం తోకలాగా వేలాడాలి. ఎదుటి జట్టు వాళ్ళ తోకలు లాగాలి, తన తోక పోకుండా పరుగెత్తాలి. తోకకు చెయ్యి అడ్డం పెట్టకూడదు. ఏ విధంగానైనా సరే, గుడ్డ నడుము విడిచిందంటే ఔట్. ఆఖరికి ఏ జట్టులో మనిషి మిగిలితే ఆ జట్టు గెలిచినట్టు.

మొదటిరోజు ఊరి కుర్రాళ్ళు గ్రౌండు నడుమ నిలబడ్డారు. పాలెం కుర్రాళ్ళు గోడవార నిలబడ్డారు. ఎవరూ చెప్పకుండానే మధ్యన ఒక గీత పడింది. మైమూనా టీచరు రెండు రంగుల గుడ్డలూ ఒకే సంచిలో వేసి, "కళ్ళు మూసుకుని ఒక్కొక్కటి తీసుకోండి. ఎర్రగుడ్డ వచ్చినోళ్ళు ఇటు, తెల్లగుడ్డ వచ్చినోళ్ళు అటు. ఇంకే లెక్కా లేదిక్కడ" అంది. అలా ఊరూ పాలెమూ కలిసిపోయాయి. కలిసిపోయాయన్నానే గాని, అది గుడ్డల వరకే. పాలెం కుర్రాళ్ళు ఊరి కుర్రాళ్ళను వెంటపడి తరిమి, తోక చేతికి అందే దూరానికి వచ్చి, ఆగిపోయేవాళ్ళు. చెయ్యి ముందుకు పోయేది కాదు.

"ఒరేయ్ కోటయ్యా, అందింది గదరా! లాగవేంది?" అని ఒకరోజు రామబ్రహ్మమే విసుక్కున్నాడు. రామబ్రహ్మం త్రికోటేశ్వరరావు గారి చిన్నకొడుకు, ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. ఎదుట నిలబడ్డ చిన్నకోటయ్య కొత్తపాలెం ఆదెయ్య కొడుకు. పద్దెనిమిదేళ్ళవాడు. ఏడో తరగతిలో బడి మాని, తండ్రితో పాటు క్వారీలో నాపరాతి పలకలు లేపుతున్నాడు.

చిన్నకోటయ్య ఆ రోజు సిగ్గుపడుతూ లాగాడు. మర్నాడు సిగ్గు లేకుండా లాగాడు. దసరా నాటికి వాడి తోక అందుకున్న మొనగాడు ఊళ్ళో లేకుండా పోయాడు. బరువైన పలక భుజాన పెట్టుకుని జారుడు రాళ్ళ మీద నడిచిన కాళ్ళు గదా, ఎటు తిప్పితే అటు తిరిగేవి. అంతవరకు సాయంత్రం కాగానే సారా కొట్టు ముందు చేరి పేకముక్కలు పంచుకునే కుర్రాళ్ళు ఇప్పుడు గ్రౌండులో చేరుతున్నారు. ఇదంతా చూసి కొత్తపాలెం తల్లులు మైమూనా టీచరుకు కందికాయలు, రేగుపళ్ళు పంపసాగారు.

జనవరి ఇరవై ఆరు వచ్చింది. ఉదయం జెండా ఎగిరింది. సాయంత్రం తోకాట పందెం, ఆపైన బహుమతి ప్రదానం. ముఖ్య అతిథి త్రికోటేశ్వరరావు గారు. ఆయన వచ్చేలోగా ఆట మొదలుపెట్టమని కబురొచ్చింది. జట్టుకు పదిమంది. ప్రహరీ గోడ పొడుగునా జనం. ఆదెయ్య, అతని భార్య నాగమ్మ కూడా క్వారీ దుమ్ముతోనే వచ్చి గేటు పక్కన నిలబడ్డారు.

పావుగంటలో పదిహేడు తోకలు పోయాయి. ఎర్రజట్టులో చిన్నకోటయ్య ఒక్కడే మిగిలాడు. తెల్లజట్టులో రామబ్రహ్మం, ఇంకొక కుర్రాడు మిగిలారు. ఇద్దరూ రెండువైపుల నుంచి కమ్ముకొచ్చారు. చిన్నకోటయ్య వంగి, మెలిదిరిగి, ఆ రెండోవాడి తోక ఊడదీసి గాలిలో ఊపాడు. గోడ మీద ఈలలు. ఇక ఒకడికి ఒకడు. రామబ్రహ్మం ఆయాసపడుతున్నాడు. చిన్నకోటయ్య నవ్వుతున్నాడు. మహా అయితే ఇంకో రెండు నిమిషాల ఆట.

అప్పుడు గేటు దగ్గర జీపు హారను మోగింది.

త్రికోటేశ్వరరావు గారు జీపు దిగారు. గోడ పొడుగునా తువ్వాలలు చంకల్లోకి పోయాయి. గ్రౌండు మధ్యలో చిన్నకోటయ్య భుజం మీద తువ్వాల లేదు. అయినా వాడి చెయ్యి తన పని తాను చేసింది. వెనక్కు పోయి, నడుము దగ్గర దోపిన ఎర్రగుడ్డను ఊడదీసి, మడిచి, చంకలో పెట్టుకుంది. వాడు తలవంచి ఒక పక్కకు జరిగి నిలబడ్డాడు.

లాగడానికి చెయ్యి చాపిన రామబ్రహ్మం చాపినట్టే ఆగిపోయాడు. అందరికంటే ముందు త్రికోటేశ్వరరావు గారే నవ్వారు.

"పద్ధతి తెలిసిన కుర్రాడు. ఎవరబ్బాయిరా? మన ఆదిగాడి కొడుకేనా?"

మైమూనా టీచరు ఈల ఊదింది. "ఎర్రగుడ్డ ఔట్" అంది. ఆ తర్వాత నడుచుకుంటూ చిన్నకోటయ్య దగ్గరకు పోయింది.

"నీ గుడ్డ ఎవరు లాగారు?"

వాడు చంకలోకి చూసుకున్నాడు. అప్పటిదాకా వాడికి తెలియదు, తన గుడ్డ తన దగ్గరే ఉందని.

"ఎవరూ లాగలేదు టీచర్."

"మరి?"

"చెయ్యి... చెయ్యే తీసిందండీ."

జనంలో ఒకరిద్దరు నవ్వి, వెంటనే మానేశారు. వెండిరంగు షీల్డు తెల్లజట్టుకు ఇవ్వమని హెడ్మాస్టరు గారు తొందరపడుతున్నారు. రామబ్రహ్మం దాన్ని తాకలేదు. "మేం గెలవలేదు నాన్నా. వాణ్ణి మేం ఔట్ చెయ్యలా" అని వెనక్కు జరిగాడు. షీల్డు బల్ల మీదే ఉండిపోయింది.

మైమూనా టీచరు మైకు అందుకుంది.

"ఆరు నెలలుగా ఆడుతున్నాం. ఇందులో సిగ్గుపడాల్సిన ఔట్ ఇంతవరకు చూడలేదు నేను. ఎదుటివాడు మనకంటే చురుగ్గా వచ్చి లాగితే పోతుంది, రేపు మనం లాగుతాం. ఇవాళ చిన్నకోటయ్యను ఎవరూ ఓడించలేదు. అడక్కుండా తీసి ఇవ్వడం వాడికి చిన్నప్పుడే ఎవరో నేర్పారు. ఎవరు నేర్పారో నన్నడగొద్దు, ఇళ్ళకు పోయి అడగండి."

త్రికోటేశ్వరరావు గారి ముఖంలో నవ్వు పోయింది. "పంతులమ్మా, ఈ ఆటలు ఇక చాలు. రేపట్నుంచి బందు పెట్టండి" అన్నారు.

"గ్రౌండు సర్కారుదండీ. అయిదున్నర దాకా నా డ్యూటీ. నా డ్యూటీ నేను చేస్తాను" అంది ఆమె. అన్నాక ఈలతాడు గట్టిగా పట్టుకుంది.

ఆదెయ్య ఇంట్లో ఆ సాయంత్రం ఎవరూ అన్నం వడ్డించుకోలేదు. నిజం చెప్పాలంటే, కొడుకు చెయ్యి గుడ్డ తీసినప్పుడు ఆదెయ్యకు మొదట హాయిగానే అనిపించింది. బిడ్డ పద్ధతి మరవలేదనుకున్నాడు. తర్వాత టీచరు మాట చెవిలో పడింది.

"నాయనా, నాకెవురు నేర్పారు?" అని అడిగాడు చిన్నకోటయ్య.

ఆదెయ్య చుట్ట వెలిగించబోయి మానేశాడు. కొడుక్కి అయిదేళ్ళప్పుడు, తండ్రి లాగా ఉండాలని ఒక చింకిగుడ్డ భుజాన వేసుకుని వెంట నడిచాడు. మలుపు దగ్గర ఆదెయ్య ఆ గుడ్డ లాగి, చిన్న చేతి మీద ఒక దెబ్బ వేశాడు. మళ్ళీ వేసుకుంటే మళ్ళీ కొట్టాడు. మూడోరోజు నుంచి వాడే తీసుకోసాగాడు. ఎంత తెలివైనవాడో నా కొడుకు అని ఆ రోజు పాలెమంతా చెప్పుకుని మురిశాడు.

"నేనేరా" అన్నాడు ఆదెయ్య. "నిన్ను ఔట్ జేసింది నేనే."

నాగమ్మ గడపలో కూర్చుని తలమీది చుట్టగుడ్డ విదిలిస్తోంది. రాళ్ళ తట్ట నెత్తిన పెట్టుకోవడానికి కింద చుట్టుకునే గుడ్డ అది.

"ఆయనెప్పుడన్నా అడిగాడా తియ్యమని? అడక్కముందే తీసిచ్చేది మీరు. నేనీ చుట్టగుడ్డ ఎప్పుడన్నా తీశానా? తీస్తే తట్ట కిందబడుద్ది గాబట్టి ఎవురూ ఏమనలా. మీ భుజాల మీద తట్ట లేదని తేలిగ్గా తీసేశారు."

"ఊరుకోవే. క్వారీ ఆయనది. ముగ్గురం ఆడే పనిజేత్తన్నాం. తెలవక మాట్టాడబాక."

"తెలిసే మాట్టాడుతున్నా."

"రేపట్నుంచి నేను తియ్యను నాయనా" అన్నాడు చిన్నకోటయ్య. గొంతు పెంచలేదు. పలక ఎక్కడ పగులుతుందో చూసుకుని ఉలి పెట్టినట్టు, ఆ ఒక్క మాట పెట్టాడు.

మర్నాడు సాయంత్రం గుంపు మలుపు దగ్గరకు వచ్చింది. చేతులు లేచాయి. తువ్వాలలు దిగాయి. చిన్నకోటయ్య తన కుడిచేతిని ఎడంచేత్తో గట్టిగా పట్టుకుని మేడ దాటాడు. చెమటలు పట్టాయి వాడికి. రాయి మొయ్యడం అంత కష్టం కాదని తర్వాత చెప్పాడు. భుజం మీద తువ్వాల భుజం మీదే ఉంది. పేపరు పక్కన పెట్టి, త్రికోటేశ్వరరావు గారు మేస్త్రిని పిలిచారు.

మేస్త్రి కబురు మోసుకొచ్చాడు. కుర్రాడు ఇక క్వారీలో కనపడకూడదు. రేపు సాయంత్రం ఆదెయ్య కొడుకును వెంటబెట్టుకుని అరుగు ముందుకు రావాలి, అందరి ఎదుటా తువ్వాల తీయించాలి. లేకపోతే ఆదెయ్య ముఠా తవ్వుతున్న గుంత ఇంకొకళ్ళకు పోతుంది. ముఠా అంటే ఆదెయ్య ఒక్కడు కాదు, పద్దెనిమిది ఇళ్ళు.

పాలెంలో పెద్దవాడు రోశయ్య వచ్చి సర్దిచెప్పాడు.

"గుడ్డముక్క కోసం గుంత పోగొట్టుకుంటావంటరా ఆదెయ్యా? తీసి ఏస్తే ఏం బోద్ది? రెండు నిమిషాల పని."

"అదే మావా, నాకూ అర్థం గాటంలా" అన్నాడు ఆదెయ్య. "గుడ్డముక్కే గదా. మరి ఆయనకెందుకంట అంత పట్టుదల?"

రోశయ్య తువ్వాల దులుపుకుని లేచి వెళ్ళిపోయాడు.

ఆ మర్నాడంతా ఆదెయ్య పలకలు లేపాడు, పేర్చాడు. సాయంత్రం వాగులో మొహం కడుక్కుని, తువ్వాల తడిపి, పిండి, భుజాన వేసుకున్నాడు. వెనక ముఠా అంతా వచ్చింది. చిన్నకోటయ్య పాలెం నుంచి ఎదురొచ్చి తండ్రి పక్కన నిలబడ్డాడు. మలుపు పది అడుగులు ఉందనగా, నలభై ఏళ్ళ అలవాటు కొద్దీ ఆదెయ్య కుడిచెయ్యి లేచింది. భుజం మీద తువ్వాలను పట్టుకుంది. వెనక నడుస్తున్న నాగమ్మ ఆ చేతినే చూస్తోంది. ఆ చెయ్యి తువ్వాలను ఒకసారి ముందుకు లాగి, భుజం మీద సరిగ్గా సర్ది, కిందికి దిగింది.

త్రికోటేశ్వరరావు గారు కుర్చీలోంచి లేచి అరుగు అంచుకు వచ్చారు. వెనక గుమ్మంలో రామబ్రహ్మం ఉన్నాడు.

"ఆదిగా, తియ్యమను."

ఇన్నేళ్ళుగా అడక్కుండానే జరిగిపోతున్నది. మొదటిసారి ఆయన నోరు తెరిచి అడగాల్సి వచ్చింది. అడిగాక ఆ మాట ఎంత చిన్నదో వీధిలో అందరికీ వినపడింది.

"ఏం తియ్యమంటారయ్యా?"

"తువ్వాలరా!"

"ఎవురిదయ్యా? వాడిదా, నాదా?"

అప్పుడు చూశారాయన, ఆదెయ్య భుజం.

"నీకూ వచ్చిందా ఈ పొగరు?"

"పొగరు గాదయ్యా. ఆటలో ఉండా. నా చేత్తో నేనే తీస్తే ఔటైపోతా." ఆదెయ్య ఒక అడుగు ముందుకు వేశాడు. "మీకు గావాలంటే అరుగు దిగొచ్చి లాగండి. చెయ్యి అడ్డం పెట్టను. ఆట రూలు అదేనంట."

త్రికోటేశ్వరరావు గారు అరుగు మెట్ల వైపు చూశారు. మూడే మెట్లు. దిగితే, రాళ్ళు కొట్టేవాడి భుజం మీద గుడ్డ కోసం వీధిలో పెనుగులాడిన మనిషి అవుతాడు. దిగకపోతే ఏమవుతాడో ఆయన ఇంతవరకు ఆలోచించి ఉండడు. ఆయన దిగలేదు.

గుంపులో ఎవరిదో ఒక తువ్వాల చంకలోంచి భుజం మీదికి ఎక్కింది. దాని వెనక రెండోది ఎక్కింది. ఆఖరున రోశయ్యది, చాలాసేపు తటపటాయించి ఎక్కింది. వాళ్ళు నినాదాలు ఇవ్వలేదు. ఎప్పట్లాగే నడిచిపోయారు. ఆ రోజు మాత్రం కబుర్లు లేవు. ఎవరి భుజం బరువు వాళ్ళకు కొత్తగా తెలుస్తోంది.

గుంత నాలుగు రోజులు మూతపడింది. కొత్తపాలెం గంజి తాగింది. ఇంకొక ముఠా కోసం మేస్త్రి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగాడు. సంగతి తెలిసి ఎవరూ రాలేదు. క్వారీ ముందు లారీలు ఖాళీగా నిలబడ్డాయి. అయిదోనాడు మేస్త్రే పాలెం వచ్చి, చిన్నకోటయ్యతో సహా అందరినీ పనికి పిలుచుకుపోయాడు. తువ్వాల సంగతి అతను ఎత్తలేదు. వీళ్ళూ ఎత్తలేదు.

ఆ సాయంత్రం ఆదెయ్య తిన్నగా హైస్కూలు గ్రౌండుకు పోయాడు. మైమూనా టీచరు సంచి ముందుకు చాపింది. అతను కళ్ళు మూసుకుని చెయ్యి పెడితే ఎర్రగుడ్డ వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి పంచె ఎగగట్టి, వెనక తోక దోపుకుని గ్రౌండులో దిగితే కుర్రాళ్ళు పడీపడీ నవ్వారు. నిండా ఒక నిమిషం నిలవలేదు. తెల్లజట్టులోంచి రామబ్రహ్మం వెనకగా వచ్చి ఒక్క ఊపున గుడ్డ లాగేశాడు. లాగి, ఏమంటాడోనని బెదురుగా చూశాడు.

ఆదెయ్య మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఆయాసపడుతూ, గోడవార నిలబడ్డ ఊరూ పాలెమూ వినేట్టు గట్టిగా నవ్వాడు.

"పోనీరా అబ్బాయ్! నువ్వు లాగితే పోయింది. నేను తీసియ్యలా!"